ఇంటి లాయరు ఫీజు

"కేసు గెలిచాం కదా అక్కా, ఇంకా ఆ కాగితాలకి భోజనాల బల్ల మీదేం పని?" అంది చిన్నకోడలు.

పొద్దుటి నుంచి ఆ మాట అనడం అది మొదటిసారి కాదు. చేతిలో తడిగుడ్డ పట్టుకుని, తుడవడానికి జానెడు చోటైనా దొరక్కపోతుందా అన్నట్టు బల్ల చుట్టూ తిరుగుతోంది. బల్ల నిండా కోర్టు కాగితాలు. ఎగరకుండా ఒక్కో దొంతర మీద ఒక్కో గిన్నె బోర్లించి ఉంది.

"గెలిచాం గానీ ముగియలేదు. ఫీజు సంగతి తేలేదాకా ఒక్క కాగితం కదిపినా మళ్ళీ వరస దొరకదు," అంది పెద్దకోడలు, కత్తిపీట ముందు నుంచి లేవకుండానే.

"ఏడాది దాటింది, అందరం ఒళ్ళో కంచాలు పెట్టుకుని తింటున్నాం."

"ఇంకో నాలుగు రోజులు తింటే అరిగిపోంలే."

"తినడానికి కాదక్కా. టైపు చేసుకోవడానికి నాకో చోటు కావాలి. మంచం మీద కూర్చుని కొడుతుంటే నడుం పట్టేస్తోంది."

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కాలు చాపి, ముడిచి, మళ్ళీ చాపుతున్న అత్తగారు నవ్వింది. "నా కాలు విరిగిన రోజున కూడా మీరిద్దరూ ఇంత రభస చెయ్యలేదర్రా!"

వంటింట్లోంచి పెద్దకొడుకు కేకేశాడు. అతను పలకరాళ్ళు, టైల్సు అమ్మే కొట్లో పని చేస్తాడు. సెలవు రోజు కదా అని కొలత టేపు పట్టుకుని పొద్దున్నే గోడెక్కాడు. "ఎందుకర్రా కొట్లాట? ఫీజు డబ్బు చేతికి రాగానే ఈ అడ్డగోడ కొట్టేసి వంటిల్లు ఇటు కలిపేస్తున్నా. ఆ ముసలి బల్ల అప్పుడెలాగూ బయటికే. నువ్వు దాచుకున్న డబ్బూ, ఫీజు డబ్బూ కలిస్తే అరలతో సహా అయిపోతుంది," అన్నాడు భార్యని ఉద్దేశించి.

పెద్దకోడలు తృప్తిగా తల ఊపింది. వంటిల్లు ఆమెకి చాలాకాలపు ఆశ. కళ్ళజోళ్ళ షాపులో వచ్చే జీతంలోంచి కొంచెం కొంచెం బ్యాంకులో వేసుకుంటూ వస్తోంది. చిన్నకోడలు మాత్రం తడిగుడ్డని పిండి, ఆరేసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఇంటి కేసు వీధిలో అందరికీ తెలిసిందే. కిందటేడు కాలువ మీద బండ విరిగి అత్తగారు తొడ దాకా దిగబడింది. నెలనెలా బండల్ని తనిఖీ చేస్తూనే ఉన్నామంది పురపాలక ఆఫీసు. అయితే ఆ తనిఖీ కాగితాలు చూపించమంది పెద్దకోడలు. చూపించేది లేదన్నారు వాళ్ళు. కాళ్ళరిగేలా తిరిగి తిరిగి చివరికి కోర్టుకెక్కింది. లాయరు ఎక్కడో కాదు, ఇంట్లోనే ఉన్నాడు, మరిది. కాగితాలు బయటికొచ్చాక చూస్తే, ఆ నెల తనిఖీ అసలు జరగనే లేదు. ఆవిడ పడ్డాక తీరిగ్గా కూర్చుని రాశారు. అలా రాసిన అధికారి కోర్టులో నిలబడి ఒప్పుకోవలసి వచ్చింది. అన్యాయంగా కాగితాలు దాచిన ఆఫీసే, అవతలివాళ్ళ లాయరు ఫీజు భరించాలని చట్టం. ఇప్పుడు మిగిలింది అదే.

తల తుడుచుకుంటూ లాయరు హాల్లోకి వచ్చాడు. సన్నగా, కొంచెం వంగినట్టుండే మనిషి. అరచేతిలో మడిచిన కాగితం ఉంది.

"నిన్న సాయంత్రమే వచ్చింది వదినా. చెప్పబుద్ధి కాలేదు," అన్నాడు.

"చదువు."

"ఫీజు ఇవ్వక్కర్లేదంటున్నారు. కేసు వేసినావిడా లాయరూ వదినా మరుదులు. ఒకే ఇంట్లో ఉంటారు. ఫీజు మాట్లాడుకున్న దాఖలా లేదు, ఇచ్చిన దాఖలా అంతకన్నా లేదు. పెట్టని ఖర్చుని మేమెందుకు తీర్చాలి అని. ఆఖర్న ఒక ముక్క కలిపారు. వంటింటి కబుర్లకి కూడా గంటల చొప్పున లెక్క కడతారా అని."

"వంటింటి కబుర్లా!" అత్తగారి కాలు గాల్లోనే ఆగిపోయింది. "వాళ్ళ నోళ్ళు పడ! నా కోడలు గిన్నెలు తోముతూ ఒక్కో సంగతీ చెప్తుంటే, నా కొడుకు గట్టు మీద కూర్చుని రాసుకున్న కేసురా అది!"

"నిజమేనమ్మా. అదే వాళ్ళూ అంటున్నారు," అన్నాడు లాయరు.

పెద్దకొడుకు టేపుని చర్రున లోపలికి వదిలి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "దీనికింత ఆలోచనేంట్రా? ఒక రసీదు రాసెయ్. పుస్తకం నీదే, పెన్ను నీదే. ఇదిగో మా వదిన ఫలానా రోజున ఇంత ఇచ్చింది అని. ఇవ్వలేదని మీ వదిన వెళ్ళి చెప్తుందా?"

లాయరు కాగితాన్ని మళ్ళీ మడిచాడు. "గురువారం లోపు అఫిడవిట్టు వెయ్యాలి. వదిన సంతకం కావాలి. ఎన్ని గంటలు పని చేశానో కూడా చూపించాలి."

"చూపిద్దాం. ఏం, నువ్వు పని చెయ్యలేదా? దొంగసొమ్మేం కాదుగా!"

అతనన్నదాంట్లో తప్పేమీ కనిపించక అందరూ ఊరుకున్నారు. పెద్దకోడలి చెయ్యి మాత్రం కత్తిపీట మీద ఆగింది. ఆ రోజు కోర్టులో ఆమె అధికారిని అడిగిన మాట అత్తగారు ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్తుంది. చెయ్యని పనిని చేసినట్టు రాయడానికి మీకు చెయ్యెలా వచ్చిందండీ, అని అడిగింది. జడ్జిగారు కూడా తలెత్తి చూశారట. ఆ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో తెలిసి, ఆమె తల వంచుకుని మళ్ళీ కూర తరగడం మొదలుపెట్టింది.

సాయంత్రం గంటల లెక్కకి కూర్చున్నారు.

వేరే లాయరైతే ఏ పనికెంత సేపు పట్టిందో ఎప్పటికప్పుడు రాసిపెట్టుకుంటాడు. ఇతనూ మిగతా కేసులకి రాసుకునేవాడే. ఇంటి కేసుకి మాత్రం ఒక్క గంటా రాయలేదు. వదిన కేసుకి గంటలు రాయడమేంటి, ఎవరైనా వింటే నవ్వరూ! ఇప్పుడు ఆ గంటలన్నీ జ్ఞాపకంలోంచి తవ్వి తియ్యాలి.

"ఇది, మొదటి పిటిషను. ఎప్పుడు రాశావు?" పెద్దకోడలు ఒక గిన్నె ఎత్తి, కింది కాగితం తీసింది.

"నాకు కట్టు విప్పిన రోజు," అంది అత్తగారు వెంటనే. "డాక్టరు దగ్గర్నించి రాగానే కూర్చున్నాడు. చీకటి పడేదాకా లేవలేదు."

"ఒక పూట అని రాయనా?"

"పూట అంటే కోర్టు ఒప్పుకోదు వదినా. నాలుగు గంటలు రాద్దాం. తక్కువైనా ఫరవాలేదు, ఎక్కువ రాయొద్దు."

"ఇది? వాళ్ళ జవాబుకి మన జవాబు?"

"ఇంటికి సున్నం వేయించినప్పుడు. మెట్ల మీద కూర్చుని రాశాను. నువ్వు పైనుంచి చెప్తున్నావు, నీ చేతిలో బ్రష్షు, నా కాగితం మీద చుక్కలు." లాయరు నవ్వాడు. నిజంగానే కాగితం మూల తెల్లచుక్క ఉంది.

"రెండో వాయిదా?"

"అది పొద్దున పదింటికి పిలుస్తామని సాయంత్రం పిలిచారు. అదే రోజు బేకరీ ఆయన కేసు కూడా ఉంది, పక్క కోర్టులో..." అని ఆగాడు.

"మరి అదెవరు చూశారు?"

"ఎవరూ చూళ్ళేదు. పోనీలే. మూడో వాయిదా రాసుకో."

"ఎవరూ చూడకపోతే?"

"ఆయన వేరే లాయర్ని పెట్టుకున్నాడు. మామూలే వదినా, వస్తుంటారు, పోతుంటారు." మాట దాటేసి తర్వాతి గిన్నె అతనే ఎత్తాడు.

లోపలి గదిలోంచి టైపు చప్పుడు అప్పటిదాకా వినిపిస్తూనే ఉంది. చిన్నకోడలు బయటివాళ్ళకి టైపు చేసిపెట్టి పేజీకింత అని తీసుకుంటుంది. బేకరీ ఆయన మాట వచ్చినప్పుడు ఆ చప్పుడు ఆగింది. కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

లెక్క తేలేసరికి కాగితం రెండు వైపులా నిండింది. పెద్దకోడలు దాన్ని కళ్ళకి దూరంగా పెట్టి చూసింది. కళ్ళజోళ్ళు చేసే మనిషికి తనకి కళ్ళజోడు కావాలని ఒప్పుకోవడం కష్టం. ఇన్ని గంటలా, అనుకుంది. తన గంటలు తనకి తెలుసు. ఆఫీసు వరండాలో నిలబడ్డవీ, కసురుకుంటే పడ్డవీ అన్నీ గుర్తున్నాయి. పక్కనే ఇంకొకరి గంటలు ఇన్ని నడుస్తున్నాయని ఆమెకి తెలియకనా? తెలుసు. ఎప్పుడూ కలిపి చూసుకోలేదు, అంతే.

మర్నాడు షాపులో ఆమె ఒక అద్దం పాడుచేసింది. మామూలుగా అలాంటిది జరగదు. అద్దం మీద నడిమి చుక్క పెట్టి, ఫ్రేము ఆకారం గీసి, నీళ్ళు చిమ్ముతూ తిరిగే సానరాయికి అంచు ఆనించి వెంట్రుకవాసి చొప్పున అరగదీస్తుంది. అరిగిన కొద్దీ ఆపి, తుడిచి, ఫ్రేములో పెట్టి చూస్తుంది. మరి కాస్త అంటే మరి కాస్త. ఆ రోజు ఆపడం మరిచిపోయింది. ఫ్రేములో పెడితే అద్దం వదులుగా కదిలింది.

"అరిగినదాన్ని పెంచలేం కదమ్మా. పక్కన పెట్టి ఇంకోటి తీసుకో," అన్నాడు షాపు యజమాని. కోప్పడలేదు. "నీ బుర్ర ఇక్కడ లేదు ఇవాళ. భోజనానికి వెళ్ళిరా."

ఆమె భోజనానికి వెళ్ళలేదు. గంటల కాగితం సంచిలో ఉంది, లాయరుకి ఇచ్చేద్దామని అతని గదికి నడిచింది. సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన చిన్న గది. ఇరుకు మెట్లు. కేసు నడిచినన్నాళ్ళూ మాట్లాడుకోవడం అంతా ఇంట్లోనే కాబట్టి, ఆమె ఆ మెట్లెక్కి చాలాకాలమైంది.

తలుపు తీసే ఉంది. గోడలోని పుస్తకాల అర సగం ఖాళీగా ఉంది. చట్టం పుస్తకాలు తాళ్ళతో కట్టి కింద దొంతరలుగా పెట్టి ఉన్నాయి. పేరు బోర్డు గోడకి ముఖం తిప్పి ఆనించి ఉంది.

లాయరు కంగారుగా లేచాడు. "నువ్వా వదినా! ఇంటికొచ్చేవాణ్ణి కదా, ఇంత ఎండలో..."

"ఇదేంటి?"

"ఏముంది, సర్దుతున్నాను." ఆమె కళ్ళు పుస్తకాల మీద నుంచి కదలకపోయేసరికి, కుర్చీ తుడిచి ముందుకి జరిపాడు. "నెలాఖరుకి గది ఖాళీ చేస్తున్నాను. ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం చూశాను. మంచిదే. నెల తిరిగేసరికి జీతం. వాయిదాల గోల లేదు, కోర్టు మెట్లెక్కే పని లేదు."

"నీకు ఆ మెట్లెక్కడమే కదయ్యా ఇష్టం."

అతను నవ్వాడు. "ఉన్న కేసులు తగ్గాయి. అద్దె ఆగదు కదా. ఇంట్లో అప్పుడే చెప్పకు. అన్నయ్య కోప్పడతాడు."

"తనకి తెలుసా?"

"మా ఆవిడకా? తెలుసు. పుస్తకాలు కట్టింది తనే."

బల్ల మీద రసీదు పుస్తకం తెరిచి ఉంది. తేదీ, కిందటేడుది, రాసి ఉంది. దాని పక్కన ఆమె పేరు. మొత్తం రాయవలసిన చోట ఏమీ లేదు.

"పొద్దున అన్నయ్య ఫోను చేశాడు," అన్నాడు లాయరు ఆమె చూపు పసిగట్టి. "అక్కడిదాకా రాశాను. తర్వాత చెయ్యి రాలేదు. సాయంత్రం రాస్తాలే."

పెద్దకోడలు ఆ పుస్తకాన్ని ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చుని సంచిని ఒళ్ళోకి లాక్కుంది. కింద కొట్లో ఎవరో సైకిలు గంట మోగించి చూస్తున్నారు.

"ఫీజు వస్తే గది ఉంచుకుంటావు కదా?" అంది కాసేపటికి.

లాయరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఫీజు వస్తే వంటిల్లు కదా వదినా!"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది. ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేసి బయటపడేది. అతను అలా అనలేదు. ఇంట్లో నిన్న అందరూ అనుకున్నదాన్నే, తనకి అర్థమైనదాన్నే చెప్పాడు. ఫీజు వస్తే అడ్డగోడ కొట్టేయాలి, అరలు పెట్టించాలి. ఆ డబ్బు ఎవరి పనికి వస్తోందో ఒక్కరైనా అడిగారా? ఆ మాట అన్నప్పుడు తృప్తిగా తల ఊపింది తనే.

"మంచినీళ్ళు తాగుతావా?" అన్నాడు.

"వద్దయ్యా," అని లేచింది. గంటల కాగితం ఇవ్వకుండానే మెట్లు దిగింది.

ఆ సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తున్న చిన్నకోడలి దగ్గరికి వెళ్ళింది. దుప్పటి రెండో కొస అందుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, లాగి, దులిపి, మధ్యకి మడిచారు.

"గది ఖాళీ చేస్తున్నట్టు నాకెందుకు చెప్పలేదు?"

చిన్నకోడలు ఉలిక్కిపడలేదు. "చూశారా? సరే." దుప్పటి అందుకుని చదును చేసింది. "ఏమని చెప్పనక్కా? మా ఆయన మీ కేసు చూశాడు, ఆ ధ్యాసలో తన కేసులు పోయాయి, డబ్బివ్వండి అనా? ఒకే పొయ్యి మీద వండుకు తింటూ?"

"అనొచ్చు."

"అంటే ఏమయ్యేది? మీరు మొహం మాడ్చుకునేవారు. బావగారు, ఇంట్లో కూడా లెక్కలేంటమ్మాయ్ అనేవారు. అత్తయ్య నా కాలు కన్నా డబ్బు ఎక్కువైందా అని ఏడ్చేది. ఆయన అడగరు. నేనడిగితే చెడ్డదాన్ని." ఇంకో దుప్పటి తీగ మీంచి లాగింది. "అందుకని బల్ల అడిగాను."

నిన్న పొద్దుట తను అన్న మాట, ఇంకో నాలుగు రోజులు తింటే అరిగిపోంలే అన్నది, పెద్దకోడలికి ఒంటి మీద గరుగ్గా తగిలింది.

"ఆ కాగితాలన్నీ టైపు చేసింది నువ్వే కదూ," అంది చివరికి.

"మరెవరు? మీ చేతి రాత ఆయనకి అర్థం కాదు, ఆయనది జడ్జిగారికి అర్థం కాదు." చిన్నకోడలు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "దుమ్ము. ఆ కొస సరిగా పట్టుకోండక్కా, నేలకి ఆనుతోంది."

బుధవారం దీపాలు పెట్టేవేళకి అందరూ హాల్లోనే ఉన్నారు. డాక్టరు చెప్పిన నడక కోసం అత్తగారు నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని గది ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తోంది. చిన్నకోడలు వెనకే చెయ్యి చాపి నడుస్తోంది, తగలకుండా, దూరం కాకుండా. లాయరు కోర్టు నుంచి నేరుగా వచ్చి గుమ్మం పక్కన కూర్చున్నాడు. తెచ్చిన అఫిడవిట్టునీ రసీదు పుస్తకాన్నీ పెద్దకొడుకు అప్పటికే లాక్కుని చూస్తున్నాడు.

"మొత్తం వెయ్యలేదేంట్రా? ఇలా ఇవ్వు, నేను చెప్తా. మరీ ఎక్కువ వేస్తే అనుమానం వస్తుంది. ఇదిగో, నువ్వు సంతకం పెట్టేసెయ్, రేపటికి హడావిడి ఉండదు," అని పెన్ను మూత తీసి భార్యకి అందించాడు.

పెద్దకోడలు పెన్ను తీసుకుంది. అఫిడవిట్టు మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఒకచోట 'చెల్లించాను' అని ఉంది. ఆ వాక్యం మీద నిదానంగా గీత గీసింది.

"అదేంటి!" అన్నాడు పెద్దకొడుకు.

"నేనేమీ ఇవ్వలేదు కదండీ. ఇవ్వలేదనే రాద్దాం."

"ఇవ్వలేదంటే వాళ్ళూ ఇవ్వరు. అంతే కదరా?"

"ఇవ్వకపోవచ్చు," అన్నాడు లాయరు. "ముందు మాట్లాడుకోలేదు కాబట్టి ఫీజే లేదని జడ్జిగారు అనొచ్చు. పని జరిగింది కాబట్టి ఇమ్మని కూడా అనొచ్చు. చెప్పలేం వదినా."

"చూశావా! చేతికందేదాన్ని నీ సత్యసంధతతో నేలపాలు చెయ్యకు. వీడి పనికి వచ్చేదే కదా అది."

"వీడి పనికా, మన వంటింటికా?" అంది పెద్దకోడలు.

ఊతకర్ర చప్పుడు ఆగింది. పెద్దకొడుకు ముఖం ఎర్రబడింది. "అలా అంటావేం? వేరుపడ్డామా మనం? ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాడు, వాణ్ణి అద్దె అడిగానా నేను?"

"ఇల్లు నాదిరా," అంది అత్తగారు, గది మధ్యలో నిలబడి ఆయాసపడుతూ. "అద్దె అడగాలంటే నేనడగాలి. మీ ఇద్దర్నీ."

లాయరు తల వంచుకున్నాడు. చిన్నకోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దకొడుకు ఏదో అనబోయి, తల్లి వైపూ, భార్య చేతిలోని పెన్ను వైపూ చూసి, రసీదు పుస్తకం మూసేశాడు.

"నేను తప్పు పట్టడం లేదండీ," అంది పెద్దకోడలు మెత్తగా. "నేనూ అలాగే అనుకున్నాను. ఇంటి మనిషి కదా, చేస్తాడు అనుకున్నాను. వాయిదా ఉందంటే, పద అన్నాను. నీ కేసులేమైపోతున్నాయి అని ఒక్కనాడు అడగలేదు. గది ఖాళీ చేసి ఉద్యోగానికి పోతున్నాడు మీ తమ్ముడు. తెలుసా మీకు?"

"గది ఖాళీ చెయ్యడమేంట్రా?" అన్నాడు అతను. ఈసారి గొంతులో కోపం లేదు.

పెద్దకోడలు సంచిలోంచి గంటల కాగితం తీసి, గీత గీసిన వాక్యం మీద పెట్టింది. కింద తన చేత్తో ఇంకో వరస కలిపి ఉంది.

"రేపు కోర్టులో నేను చెప్పేది ఇది. నా మరిదికి నేనింతవరకు ఏమీ ఇవ్వలేదు. ఫీజు ఎంతని అడగలేదు, అది నా తప్పు. పని చేశాడు, ఇవిగో గంటలు. నేను బాకీ ఉన్నాను. ఆఫీసువాళ్ళు ఇస్తారా ఇవ్వరా అన్నది జడ్జిగారి ఇష్టం. నా బాకీ మాత్రం ఆయన ఇష్టం కాదు. వంటింటికని దాచిన డబ్బు తీసేస్తానని పొద్దున బ్యాంకులో చెప్పొచ్చాను. రేపు ఇస్తారు. మొత్తానికి చాలదు, మిగిలింది నెలనెలా జీతంలోంచి ఇస్తాను. మీకు కోపం వస్తే రానివ్వండి."

"వదినా, అంత..." అని లేవబోయాడు లాయరు.

"నువ్వు కూర్చో. క్లయింటు మాట్లాడుతోంది."

అత్తగారు ఫక్కున నవ్వింది. చిన్నకోడలు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, వచ్చి తోడికోడలి భుజం మీంచి కాగితంలోకి వంగి చూసింది. కొత్తగా కలిపిన వరస దగ్గర వేలు ఆగింది. అది టైపు చేసిన పేజీల లెక్క.

"పేజీకెంత వేశారక్కా?" అంది మెల్లిగా.

"బయటివాళ్ళ దగ్గర నువ్వు తీసుకునేదే. ఇంట్లోవాళ్ళకని తగ్గించలేదు."

పెద్దకొడుకు లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. అడ్డగోడ మీద పెన్సిలుతో తను పెట్టుకున్న గుర్తుల్ని కాసేపు చూసి, వెనక్కి తిరగకుండానే, "ఆ గది అద్దె ఎంతట్రా నెలకి?" అని అడిగాడు.

లాయరు చెప్పాడు.

పెద్దకోడలు అఫిడవిట్టు మీద సంతకం పెట్టి, పెన్ను మూత బిగించింది. తర్వాత మరిది వైపు తిరిగింది.

"ఖాళీ చెయ్యడం లేదని ఆ గదివాళ్ళకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"